కాయ కాసిన ఎముక

పల్లాలమ్మ కూతురి కాల్లో శంఖం పెట్టారనీ, ఆ పిల్ల నడిస్తే అది ఊదుతుందనీ, ఊదిన రోజున ఆ వీధిలో ఎవరో ఒకరు ఖాయంగా పోతారనీ పొరుగింటి వరహాలమ్మ చేపల గంప దగ్గర చెప్పిందట. వరహాలమ్మ కళ్ళారా చూసిందీ లేదు, చెవులారా విన్నదీ లేదు. ఆమె ఆడపడుచు కోడలు అమలాపురం బస్సులో ఆ పిల్ల పక్కన కూర్చుందట. బస్సు కుదిపినప్పుడల్లా ఆ పిల్ల దవడ బిగపట్టి ఏదో వింటున్నట్టు మొహం పెట్టిందట. అంతే ఆధారం. చేపలమ్మే ఆవిడ ఆ మాటని చేపలతో పాటు నాలుగు వీధులు తిప్పింది. పల్లాలమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి మామూలు శంఖం కాస్తా దక్షిణావర్త శంఖమైంది.

"పోనీయే, ఉత్త కాలు కన్నా శంఖం కాలు గొప్పే కదా," అని పల్లాలమ్మ మొగుడు గనిరాజు నవ్వేశాడు.

పల్లాలమ్మ నవ్వలేదు. కూతురు వీరవేణి ఆ మాటలే వినలేదు. కాలేజీ నుంచి వచ్చి, పుస్తకాల సంచీ కూడా దించకుండా, వంటింట్లో ఫ్రిజ్‌కి చెంప ఆనించి నిలబడి ఉంది. కుడికాలి మీద బరువు వేస్తోంది, తీస్తోంది. మళ్ళీ వేస్తోంది.

"ఏటే, మంచినీళ్ళు కావాలా?" అంది తల్లి.

"అమ్మా, ఫ్రిజ్ మోత మారిందా?"

"ఫ్రిజ్జుకేటి రోగం? మొన్ననే కదా బాగు సేయించాం."

"అయితే నాదే మారింది," అంది వేణి.

పల్లాలమ్మ చేతిలో చెంబు జారి నేల మీద చాలాసేపు దొర్లింది. ఎవరూ వంగి తీయలేదు.

వరహాలమ్మ మాటలో నిజం పాలు లేకపోలేదు. ఆ కాల్లో ఉన్నది శంఖం కాదు గానీ, పలికే మాట మాత్రం నిజం.

వేణికి పదహారో ఏట మోకాలి కింద నొప్పి పట్టుకుంది. ఎదిగే పిల్లలకి ఎముకలు లాగుతాయన్నారు. ఖోఖో ఆటలో పడి ఉంటుందన్నారు. వావిలాకు కాపడం పెట్టారు, కట్టు కట్టించారు. నొప్పి తగ్గకపోగా కాలు ఉబ్బి నున్నగా మెరవడం మొదలుపెట్టింది. కాకినాడలో ఎక్స్‌రే తీసిన డాక్టరు ఫిల్మును వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎముక పురుగు తొలిచిన చిప్పలా ఉంది. ఆస్టియోసార్కోమా అని రాసిచ్చాడు. ఎముకకి వచ్చే కేన్సరు, లక్షల్లో ఒకరికి వస్తుంది, అదీ ఎదిగే వయసు పిల్లలకే ఎక్కువ అన్నాడు. గనిరాజుకి ఆ పేరు నోరు తిరగలేదు. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో దాని పేరు 'అది'.

మందు ఎక్కించిన నెలల్లో వేణికి జుట్టు పోయింది, కనుబొమలు పోయాయి, నోరంతా పూసింది. అన్నిటికన్నా కష్టమైంది ఇంకొకటి. కొబ్బరి వాసన తగిలితే కడుపులో పేగులు నోట్లోకి వచ్చేవి. వాళ్ళదేమో కొబ్బరి బతుకు. గనిరాజు పెరట్లో గునపం పాతి కాయ ఒలుస్తాడు. పల్లాలమ్మ రాశి దగ్గర కూర్చుని కాయలు ఏరుతుంది. ఆ నెలల్లో గనిరాజు నూతి దగ్గర సబ్బు అరిగేదాకా రుద్దుకుని గాని కూతురి దగ్గరికి వచ్చేవాడు కాదు. పల్లాలమ్మ కొబ్బరినూనె మాని నువ్వులనూనె కొంది. కోనసీమలో ఆ మాట బయటికి చెప్పుకోవడానిక్కూడా సిగ్గే.

మందుతో 'అది' ముడుచుకుంది గానీ చావలేదు. మోకాలి పైకి కాలు తీసేయాలన్నారు. అప్పుడే ఎవరో విశాఖలో, సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉన్న పరిశోధన కేంద్రం పేరు చెప్పారు.

అక్కడ డాక్టర్ రుక్సానా ఒక గాజుతొట్టి ముందు వీళ్ళని నిలబెట్టింది. గులాబీరంగు నీళ్ళలో జానెడు ఎముక ఉంది. ముత్యపుచిప్పల సున్నంతో అచ్చు పోసి, వేణి రెండో కాలి ఎముకలోంచి తీసిన మంచి కణాల్ని దాని మీద నారు పోసినట్టు పోశారట. నడుమ నడుమ వెంట్రుక కన్నా సన్నని స్ఫటికాలు పొదిగారట. ఆవిడ ఒక ఉక్కు పుల్ల తీసి ఒక కొస ఎముకకి ఆనించి, రెండో కొస పల్లాలమ్మకి అందించింది.

"పళ్ళతో పట్టుకోండమ్మా. భయం లేదు, శుభ్రంగా కడిగిందే."

పల్లాలమ్మ బిడియపడుతూ కొరికి పట్టుకుంది. రుక్సానా ఎముకని రెండు వైపులా అదిమింది. పల్లాలమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. తల లోపలెక్కడో, తుమ్మెద గోడ అవతల తిరుగుతున్నట్టు, 'ఊం' అని ఒక నాదం.

"బరువు మోసినప్పుడల్లా ఇలా పలుకుతుంది. బయటికి వినపడదు, ఎముకల్లోంచి పాక్కుంటూ పాప చెవికి వెళ్తుంది. ఆ జబ్బు మళ్ళీ తిరగబెడితే కణాలు గుంపుగా పెరుగుతాయి. గుంపు పెరిగితే శ్రుతి దిగుతుంది. మా ఫొటోల్లో కనపడకముందే పాపకి తెలిసిపోతుంది."

పల్లాలమ్మ పుల్ల నోట్లోంచి తీసి ఆలోచించింది. "మా కాయ లాగానే అన్నమాట. కాయా కాయా తట్టితే మంచిది ఖంగుమంటాది, కుళ్ళింది బొద్దుమంటాది."

రుక్సానా సంబరం పట్టలేకపోయింది. ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద సభల్లో ఎంత చెప్పినా తలకెక్కని సంగతి ఈవిడ ఒక్క మాటలో పట్టేసింది.

"అంతేనమ్మా! అచ్చం అంతే!"

ఆ 'అంతే'ని పల్లాలమ్మ కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

చెడిన ఎముక తీసి దాని చోట ఇది అమర్చారు. కాలు నిలబడింది. వేణి మళ్ళీ నడిచింది, డిగ్రీలో చేరింది. పరుగెత్తకూడదు, దూకకూడదు, పడకూడదు. ఈ మూడూ ఇంటిల్లిపాదీ వేదంలా పాటించారు. జుట్టు కూడా వచ్చింది, ముందుకన్నా ఉంగరాలు తిరిగి. చూసినవాళ్ళు "గండం గడిచింది" అనేవాళ్ళు. గడిచిందో లేదో అడుగడుగునా చెప్పే గంట ఒంట్లో పెట్టుకుని తిరగడం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలీదు. మెట్టెక్కితే ఊం. బస్సు దిగితే ఊం. పరీక్ష రాస్తూ కాలు కదిపితే ఊం. మొదట్లో అది తనని కాపలా కాస్తున్నట్టు ఉండేది. తర్వాత్తర్వాత ఆ కాపలావాడికే తను జీతగత్తె అయినట్టు అనిపించేది. ఏ పాటా వినేది కాదు, పాట మధ్యలో శ్రుతి దిగితే తెలియదేమోనని. ఆ శ్రుతిని పోల్చుకోవడానికి ఆమెకి ఇంట్లో దొరికింది ఫ్రిజ్ ఒక్కటే. ఫ్రిజ్ మోత కన్నా ఎముక ఒక్క నూలుపోగు పైన పలికేది. రోజూ కాలేజీ నుంచి రాగానే ఒకసారి అక్కడ నిలబడి సరిచూసుకునేది.

తల్లి లెక్క తల్లిది. ఆమెకి ఆ ఊం వినపడదు కదా. అందుకని పొద్దున్నా, మధ్యాహ్నమూ, దీపాల వేళా కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని, నువ్వులనూనె రాసి, తట్టి చూసి, "ఖంగుమంటంది" అని లేచిపోయేది. జడ వేయడం ఎంత మామూలో ఇదీ అంత మామూలు. తట్టనిస్తే అమ్మ ఆ పూట అన్నం తింటుంది. అందుకని వేణి కాలు చాపేది.

అలాంటి శ్రుతి ఇప్పుడు ఫ్రిజ్ మోత కన్నా కిందికి దిగింది.

ముగ్గురూ విశాఖ రైలెక్కారు. వేణి ఫోన్లో హేమంత నంబరు ఇంకా ఉంది. మందు ఎక్కించిన వార్డులో పక్క మంచం హేమంత. ఆమెకీ ఇదే ఎముక వేశారు. శ్రుతి దిగితే, పరీక్షలయ్యాక చెబుదామని ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. పరీక్షలు బాగానే రాసింది. ఫలితాలు వచ్చేసరికి 'అది' ఊపిరితిత్తుల నిండా ఉంది, చూసుకోవడానికి హేమంత లేదు.

కేంద్రంలో బల్ల మీద పలాస నుంచి వచ్చిన ధర్మారావు కనిపించాడు. ఒక ప్యాంటు కాలు మడిచి పిన్ను పెట్టి ఉంది.

"నీదీ కూసిందా చెల్లీ?" అన్నాడు.

వేణి తలూపింది.

"నాది కూసిన వారమే తీయించేసినాను. కాలు పోనాది, నాను ఉన్నాను. కూతకి బయపడకు. ఆగినోల్లే పోనారు." అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే వేణికి మరింత భయమేసింది.

ఫొటోలో ఎముక నడిమికి కొంచెం కింద తెల్లటి బుడిపె ఉంది. సూదితో ముక్క తీసి చూశారు. కణాలు అడ్డదిడ్డంగా, తొందర తొందరగా పెరుగుతున్నాయి.

"అదేనా?" అని అడిగింది వేణి.

"అది కాదని చెప్పలేను," అంది రుక్సానా. ఆవిడ కళ్ళ కింద నలుపు. "కొత్తగా పుట్టే మంచి ఎముక కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది. కానీ నీకు దెబ్బ తగల్లేదు, పడలేదు అంటున్నావు. ఊరికే మంచి ఎముక ఎందుకు పుడుతుంది? శుక్రవారం కాలు తీసేద్దాం తల్లీ. ఇక ఆగితే నాకు ధైర్యం చాలదు."

వేణి సంతకం పెట్టింది. పందొమ్మిదేళ్ళు నిండాయి గనక ఆమె సంతకమే చాలన్నారు. గనిరాజు కిటికీ దగ్గరికి వెళ్ళి సముద్రం వంక చూస్తూ నిలబడ్డాడు. జేబులోంచి బీడీ తీసి, వెలిగించకుండా, తుంచి తుంచి పొడి చేశాడు.

గురువారం మధ్యాహ్నం రుక్సానా వార్డులోకి వచ్చేసరికి పల్లాలమ్మ కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని ఉంది. రేపటికి ఉండని కాలు. నూనె రాసి రాసి మెరుస్తోంది. ఆమె కన్నీళ్ళు కాలి మీద పడుతున్నాయి. ఆమె చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది.

టక్. టక్. టక్.

రుక్సానా గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏం చేస్తున్నారమ్మా?"

"తట్టి సూత్తన్నానండి."

"దేంతో?"

పల్లాలమ్మ పిడికిలి విప్పింది. అరచేతిలో చిన్న కొబ్బరిచిప్ప ముక్క. వాడి వాడి నున్నగా, నల్లగా తేలింది.

"ముందు ఏలితోనే సూసేదాన్నండి. ఏలికి సరిగ్గా తెలిసేది కాదు. చిప్పైతే బాగా పలుకుద్దని…"

"ఎప్పట్నుంచి?"

"ఎముకేసి ఇంటికి పంపిన కాణ్నించీనండి. పూటపూటా. మీరే కదండీ అన్నారు, అచ్చం కాయ లాగానే అని."

రుక్సానా మంచం పక్క స్టూలు కాలితో వెతుక్కుని కూర్చుంది. "ఎక్కడ తడతారు? చూపించండి."

పల్లాలమ్మ చూపించింది. తడుముకోలేదు. ఏ కాయ ఎక్కడ తడితే నిజం చెబుతుందో చేతికి తెలుసు. ఆ చేతికి ఈ కాలి మీద కూడా ఒకే చోటు అలవాటైంది. రుక్సానా ఫొటో తెచ్చి కాలి పక్కన పెట్టింది. చిప్ప పడిన చోటూ బుడిపె లేచిన చోటూ ఒక్కటే.

రుక్సానా లేచి, మంచం అవతల నిలబడ్డ గనిరాజు కుడిచెయ్యి పట్టుకుని వెల్లకిలా తిప్పింది. గునపం మీద కాయ ఒలిచి ఒలిచి అరచేయంతా గట్టి కాయలు కాచి ఉంది.

"ఇది ప్రాణమున్న ఎముక," అంది, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "దెబ్బ పడిన చోట గట్టిపడమని మేమే నేర్పాం, నడకకి తట్టుకోవాలని. రోజూ ఒకే చోట కొడితే… ఈ చేతికి కాసినట్టే దానికీ కాయ కాసి ఉండొచ్చు. కొత్త కణాలు గుంపు కడితే శ్రుతి దిగుతుంది. అది మంచి గుంపో చెడ్డ గుంపో ఎముకకి తెలీదు. దిగడమే తెలుసు."

"అంటే అది కాదా?" అన్నాడు గనిరాజు.

"కాయే కావచ్చు. అదీ కావచ్చు. తట్టడం మానేస్తే, కాయైతే కరుగుతుంది, శ్రుతి లేస్తుంది. అదైతే… మనం ఆగినన్నాళ్ళూ అది ఆగదు."

పల్లాలమ్మ చిప్పని కిటికీలోంచి విసిరేసింది. "తీసేయండి డాట్రమ్మగారూ. రేపే తీసేయండి. నా సేతుల వల్లే అనుకుని ఊరుకుని, తీరా అదే అయితే? కాలు పోతే నేను మోత్తాను. పిల్ల పోతే నేనేం మొయ్యను?"

"మోత్తావులే! కొట్టిందీ నువ్వే, కొయ్యమనేదీ నువ్వేనా?" అని గనిరాజు కసిరాడు. పెళ్ళయ్యాక అంత మాట ఎన్నడూ అనలేదు. అనేసి తనే బెదిరిపోయాడు.

వేణి పైకి లేచి కూర్చుంది. "మీ అమ్మాయే అయితే ఏం చేస్తారు మేడమ్?"

రుక్సానా ఫొటోని వేణి వైపు జరిపింది. "నాకు పిల్లల్లేరు. ఉంటే ఈ ఎముక చేసేంత ధైర్యం నాకు ఉండేది కాదేమో."

వేణి ఫొటో తీసుకుని కాలి పక్కన పెట్టుకుని తనూ చూసుకుంది. హేమంత గుర్తొచ్చింది. ధర్మారావు పిన్ను పెట్టిన ప్యాంటు గుర్తొచ్చింది. ఇద్దరూ చెరో చెవి దగ్గరా నిలబడి ఆగొద్దనే చెబుతున్నట్టుంది.

"చిప్ప పడ్డ చోటే లేచింది. అంగుళం పైన లేదు, కింద లేదు. అది వస్తే మా అమ్మ తట్టిన చోటుకే ఎందుకొస్తుంది?" అంది. "నెల తిరిగేదాకా ఆగుదాం. తప్పైతే నా తప్పే. అమ్మా, నువ్వేడవకు, నాకింకా భయమేస్తంది."

వారం వారం ఊపిరితిత్తుల ఫొటో తీయించుకోవాలనీ, శ్రుతి ఇంకొక్క పోగు దిగినా ఆ క్షణమే బయల్దేరాలనీ చెప్పి రుక్సానా పంపింది.

ఆ నెల ఆ ఇంట్లో గడవలేదు. నెట్టుకొచ్చారు. పల్లాలమ్మ రాశి దగ్గరికి వెళ్ళడం మానేసింది. కాయ తట్టిన చప్పుడు వింటే వేణి ఉలిక్కిపడుతోంది. పైగా తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. కూతురి పక్కన కూర్చుంటే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది. నూనె రాయడం గనిరాజు పనైంది. అతని గరుకు చేతులకి చురుక్కుమన్నా వేణి ఏమీ అనేది కాదు. తల్లి "ఎలా ఉందే?" అని అడగబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయేది. వేణికి ఆ అడగని మాటే ఎముక కన్నా గట్టిగా వినిపించేది. శ్రుతి దిగలేదు. లేవనూ లేదు. కొన్ని రోజులు లేచినట్టే ఉండేది, ఆశపడిన చెవికి ఏదైనా వినపడుతుంది కదా.

నెలాఖరున ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వేణి కాలేజీ నుంచి వచ్చి ఫ్రిజ్ ముందు నిలబడింది. ఫ్రిజ్ మూగగా ఉంది. సరిగ్గా అప్పుడే వరహాలమ్మ పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఏటమ్మాయ్, ఫ్రిజ్జుకి దణ్ణం పెడతన్నావేటి?"

"కరెంటు కోసం పిన్నీ."

"దానికి ఎదురుసూత్తే వత్తాదా! ఇంతకీ నీ శంఖం ఎలా ఉందే? ఊదతందా?"

"కరెంటొస్తే గానీ తెలీదు," అంది వేణి.

వరహాలమ్మకి అందులో తలా తోకా అర్థం కాలేదు. కానీ గనిరాజు పని ఆపి వచ్చి గుమ్మం పట్టుకోవడం, పల్లాలమ్మ పొయ్యి దగ్గర రాయిలా అయిపోవడం చూసి, గిన్నె పట్టుకుని తనూ ఊరికే నిలబడింది. జన్మలో మొదటిసారి ఆమెకి అడగాలనిపించలేదు.

కరెంటు వచ్చింది. ఫ్రిజ్ దడదడలాడి, సర్దుకుని, మోత అందుకుంది. వేణి కళ్ళు మూసుకుంది. కుడికాలి మీద బరువు వేసింది. తీసింది. వేసింది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

"అమ్మలూ…" అన్నాడు గనిరాజు.

"ఫ్రిజ్‌తో సమానంగా ఉంది నాన్నా," అంది. "కిందికి లేదు."

పల్లాలమ్మ ఏడుపు విని, వరహాలమ్మ కూడా ఏడ్చింది, ఎందుకో తెలియకుండానే.

మర్నాటి ఫొటోలో బుడిపె సగానికి కరిగి ఉంది. ఇంకో నెలకి గోరంత మిగిలింది. శ్రుతి మళ్ళీ ఫ్రిజ్ మీదికి ఒక నూలుపోగు ఎక్కింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి.

"ఇప్పటికి," అంది రుక్సానా. ఆ మాట విననట్టు గనిరాజు లడ్డూల పొట్లం విప్పి అందరికీ పంచాడు.

ఆవిడ ఆ రోజు చాలా హుషారుగా ఉంది. వీళ్ళని మళ్ళీ గాజుతొట్ల గదిలోకి తీసుకెళ్ళింది. తొట్టిలో కొత్త ఎముక ఉంది, పొట్టిది, ఎవరో చిన్నపిల్లది. గోడ వారగా ఆ పిల్ల తల్లి కాబోలు, బొట్టు చెమటకి కారిపోయి, చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది.

"తప్పు నాదేనమ్మా," అంది రుక్సానా పల్లాలమ్మతో. "మీకు వినిపించకపోవడం వల్లే కదా తట్టాల్సి వచ్చింది. ఇప్పుడు దీన్ని మార్చాం. పిల్లకే కాదు, పక్కన ఉన్నవాళ్ళకీ వినపడుతుంది. ఎవరూ తట్టక్కర్లేదు. పగలూ రాత్రీ అమ్మ చెవినే పడుతుంది."

ఎముకని అదిమింది. ఊం అని గది నిండా మోగింది. గోడ వారనున్న తల్లి మెడ చటుక్కున అటు తిరిగింది. అలా తిరిగిన మెడ మళ్ళీ వెనక్కి రాలేదు. పల్లాలమ్మ అలవాటుగా రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

"నువ్వు చెప్పు వేణీ. వీళ్ళ పాపకి ఇది పెట్టమంటావా?" అంది రుక్సానా నవ్వుతూ.

"పెట్టండి," అంది వేణి. "అమ్మకి మాత్రం వినపడకుండా పెట్టండి."